పై అంతస్తు ఆవిడ గోడ మీది చీటీలు

పై అంతస్తులో ఉండే ఆవిడ పసిపిల్లల చావులు చీటీల మీద రాసి గోడకి అంటిస్తుందనీ, అది తెలిసి ఆఫీసువాళ్లు ఉద్యోగంలోంచి తీసేశారనీ వీధి వీధంతా చెప్పుకుంటున్నారు. మొదలుపెట్టింది ఎదురింటి కుట్టుపనావిడ. కిటికీ తెరలకి కొలతలు తీసుకుందామని పైకి వెళ్లి, గోడ చూసి, కొలత టేపు అక్కడే పడేసి దిగొచ్చేసింది. ఆ తర్వాత నోటికొక మాట చేరింది. అందులో మొదటి సగం నిజమే, ఆ చీటీలు నేనూ చూశాను. రెండో సగం మాటేమిటో ఆవిడనే అడిగాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, చదివాక ఎవరి నోరు వాళ్లు అదుపులో పెట్టుకోండి.

ఆవిడకి నలభై దాటాయి. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆవిడ పని ఏమిటంటే, వేరేవాళ్లు రాసిన కంప్యూటర్ ప్రోగ్రాంలో తప్పులు వెతకడం. ఊరికే వెతకడం కాదు, ఏది ముందు, ఏది తర్వాత, ఎవరు వెతకాలి, ఎన్నాళ్లు వెతకాలి, ఎక్కడ ఆపాలి, ఇవన్నీ ముందే కాగితం మీద పెట్టాలి. అది విన్న రోజున, "తప్పులు వెతికితే జీతమిస్తారా? మా అత్తగారు ముప్ఫై ఏళ్లు ఊరికే చేసింది కదమ్మా!" అన్నాను. పడీపడీ నవ్వింది. పక్కనుంచి భర్త, "ఈవిడని నా బస్సు ఎక్కించుకోను బామ్మగారూ. బ్రేకులు చూశావా అని స్టాపు స్టాపుకీ అడుగుతుంది" అన్నాడు.

అప్పట్లో ఆవిడ చూసిన ప్రోగ్రాంలన్నీ లైబ్రరీ పుస్తకాలవీ, బస్సు పాసులవీ. తప్పు దొర్లితే ఎవరో ఒకరు విసుక్కుంటారు, అంతే. నాలుగు నెలల కిందట పిల్లల ఆసుపత్రి పని ఒప్పగించారు. నర్సు బిడ్డ బరువు కొడితే ఎంత మందు ఎక్కించాలో చెప్పే ప్రోగ్రాం అది. అప్పట్నుంచి ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది. మెట్లు ఎక్కుతూ సగంలో ఆగిపోతుంది. పెదాలు కదులుతుంటాయి. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా పక్కనే నిలబడి ఉంటుంది.

నాకు ఉండబట్టలేదు. ఒకరోజు గాలికి వాళ్ల మేజోడు ఒకటి మా వసారాలో పడింది. ఒక్క మేజోడు ఇవ్వడానికి మోకాళ్ల నొప్పులతో రెండంతస్తులు ఎక్కుతారా అని అడక్కండి. ఎక్కాను. తలుపు తెరిచే ఉంది. గోడ నిండా చీటీలు. కళ్లజోడు సర్దుకుని దగ్గర్లో ఉన్నది చదివాను.

"రెండు కిలోల పాప. చుక్క పెట్టడం మరిచారు. ఇరవై కిలోల మందు. చావు."

మేజోడు చేతిలోంచి జారింది. వెనక నుంచి, "బామ్మగారూ, కూర్చోండి, పడిపోయేలా ఉన్నారు" అని ఆవిడ గొంతు.

"ఏమిటమ్మా ఈ అపశకునపు రాతలు?"

"జరక్కూడదని రాసుకున్నవండి. రెండు పాయింటు సున్నా కొట్టబోయి చుక్క మరిస్తే ఇరవై అవుతుంది. అప్పుడు కంప్యూటర్ 'ఆగు' అనాలి. అంటుందా లేదా అని నేను చూడాలి."

చీటీలు మూడు వరసలుగా ఉన్నాయి. మొదటి వరస ప్రాణం పోయేవి. రెండోది బిడ్డ బాధపడేవి. మూడోది నర్సులు విసుక్కునేవి. మొత్తం మూడు వందల పైచిలుకు.

"ఇంత దేనికే పిచ్చిదానా! అన్నం ఉడికిందా లేదా అన్నదానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ?"

"అది ఒకే కుండ కదండీ. ఇక్కడ మూడొందల కుండలున్నాయి. అన్నీ చూసేంత టైము ఇవ్వరు. ఏ కుండ ముందు చూడాలో చెప్పడమే నా పని. నేను చూడని కుండే పచ్చిగా ఉంటే?" అని ఊడొస్తున్న చీటీ ఒకటి గోడకి అదిమింది.

ఏ ఆసుపత్రి, ఏ వార్డు అని అడిగాను. చెప్పింది. మా కోడలు నర్సుగా చేసేది ఆ వార్డులోనే. అంటే రేపు ఆ మీట నొక్కే వేలు మా కోడలిది.

"ఈ చీటీలు ఏ నర్సుకైనా చూపించావా?"

"ఆఫీసు వాళ్లు వివరాలన్నీ కాగితం మీద ఇచ్చారండి."

"కాగితం సూది గుచ్చుతుందా ఏమిటి!" అని, గురువారం సాయంత్రం డ్యూటీ దిగిన కోడల్ని దిగినట్టే పైకి పట్టుకెళ్లాను.

కోడలు గోడంతా చదివింది. "అన్నీ బాగున్నాయి అక్కా. కానీ ఇందులో నర్సు కుర్చీలో కూర్చుని, ఒక్కో బిడ్డదే నింపాదిగా కొడుతోంది. ఆ వార్డులో నేను కుర్చీ మొహం చూసి ఎన్నేళ్లయిందో! రిపోర్టులు కొట్టడానికే ఇప్పుడు ఒక కంప్యూటరు, ముగ్గురం మనుషులం. ఒకరు సగం కొట్టేసరికి ఇంకొకరు తోసుకొస్తారు."

ఆవిడ లాప్‌టాప్ తెరిచింది. "అయితే తోయండి" అంది.

ఆవిడ నలభై కిలోల అబ్బాయి పేజీ తెరిచి, బరువు నలభై అని కొట్టింది. మా కోడలు మోచేత్తో ఒక్క తోపు తోసి, "జరుగు జరుగు అక్కా, ఇక్కడ పాప గుక్కపట్టింది!" అంటూ నాలుగు కిలోల పాప పేజీ తెరిచింది. తెరిచి, ఎవరో పిలిచినట్టు అవతలికి పోయింది. ఆవిడ తిరిగొచ్చి తెర చూసింది. పైన పేరు పాపది. కింద బరువు అబ్బాయి నలభయ్యే అలాగే ఉండిపోయింది. "సరే" అన్న మీట నొక్కింది.

కంప్యూటర్ కిక్కురుమనలేదు. నలభై కిలోల పిల్లాడి మందు పాప పేరున రాసేసి ఊరుకుంది.

మా కోడలు తన చూపుడువేలిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. ఆవిడ కొత్త చీటీ రాసి మొదటి వరసలో అంటించింది.

మర్నాడు పొద్దున పాల గిన్నె వంకతో వెళ్లేసరికి ఆవిడ ఫోన్‌లో ఉంది, స్పీకర్లో.

"ఎవరూ అలా వాడరు మేడమ్" అంటున్నాడు ప్రోగ్రాం రాసినతను.

"వాళ్లు రోజూ అలాగే వాడతారు నాయనా."

అంతలో పై అధికారి గొంతు. "సోమవారం వార్డులో మొదలవుతోంది, ఆపడానికి వీల్లేదు. టెస్టింగ్ పూర్తయిందని మీ సంతకంతో కాగితం మధ్యాహ్నానికి నా బల్ల మీద ఉండాలి. మీరు పెట్టకపోతే పెట్టేవాళ్లు పెడతారు."

ఫోన్ పెట్టేసి గోడ దగ్గరికెళ్లి మూడో వరసంతా పీకేసింది. అక్షరాల సైజులు, రంగులు, ప్రింట్లు, అన్నీ. "ఇవి తర్వాతైనా పరవాలేదు" అంది. ఒక కాగితం తీసి, మొదటి వరస చూడ్డానికి తొమ్మిది రోజులు కావాలని రాసుకుంది. వార్డు నర్సులే వచ్చి, నిలబడి, ఒకరినొకరు తోసుకుంటూ చూడాలని రాసుకుంది. అన్నిటికంటే కింద, ఈ వరసలో ఒక్కటి తప్పినా బయటికి పంపకూడదు అని రాసి రెండు గీతలు కొట్టింది. ఆ కాగితం సంచిలో పెట్టుకుని వెళ్లింది. రెండింటికల్లా తిరిగొచ్చేసింది. అదుగో, అప్పుడు చూశారు మీరంతా. సంతకం పెట్టిందో లేదో మాత్రం ఎవరికీ తెలీదు. శని, ఆదివారాలు తలుపు తీయలేదు. భర్తని అడిగితే, "బోంచేయట్లేదండి, ఏం జరిగిందో నాకూ చెప్పట్లేదు" అన్నాడు.

ఆ రెండు రోజులూ మా ఇంట్లోనూ ముద్ద దిగలేదు. సోమవారం పొద్దున చెప్పులేసుకుంటూ కోడలు, "అత్తయ్యా, అది వచ్చేసి ఉంటే నేను ముట్టుకోను. ముట్టుకోకపోతే ఉద్యోగం ఉంచుతారో లేదో" అంది. ఏం చెప్పను? జాగ్రత్త అన్నాను. జాగ్రత్త అంటే ఏమిటో నాకే తెలీదు.

ఫోన్ ఒళ్లో పెట్టుకుని గడియారం ముందు కూర్చున్నాను. తొమ్మిదింపావుకి మోగింది. ఎత్తడానికి భయమేసింది.

"అత్తయ్యా, మందు లెక్క పాత కాగితాల మీదే! దానికోసం తెచ్చిన కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసి ఉంది. ఎందుకో ఎవరూ చెప్పడం లేదు."

మోకాళ్లు ఏమయ్యాయో ఏమో, పై అంతస్తు తలుపు కొట్టేదాకా నాకు నొప్పే తెలియలేదు. ఆవిడే తీసింది. కళ్లు లోపలికి పోయాయి. విషయం చెప్పాను. ఇక వంకలు వద్దనుకుని సూటిగానే అడిగాను.

"సంతకం పెట్టావా లేదా? నిన్ను తీసేశారా? వీధి వీధంతా కూస్తోంది, నాకు నిజం చెప్పు."

"పెట్టాను బామ్మగారూ. 'ఇది వార్డులోకి పోకూడదు' అని నా చేత్తో రాసి దాని కింద పెట్టాను. ఇంటికి పొమ్మన్నారు, తీసేశారో లేదో ఇంకా చెప్పలేదు. అది పోనివ్వండి... మీ కోడలికి మళ్లీ ఒక్కసారి ఫోన్ చేసి, సాయంత్రం షిఫ్టులో కూడా కాగితాలేనా అని అడుగుతారా?"