మైకులో జారిన 'మన'

ప్రొద్దుటూరు చుట్టుపక్కల కేబుల్ టీవీ చూసేవాళ్లకు నా ముఖం కంటే గొంతు ఎక్కువ తెలుసు. తిరునాళ్లలో బండలాగుడు జరిగినా, గొర్రెకుక్కల పోటీ జరిగినా మైకు నా చేతిలోనే ఉండేది. అంతకు ముందు ఆ గొంతుకు ఉన్న పనల్లా కుక్కలను పిలవడమే. పులివెందుల దగ్గర మా మేనమామ గొర్రెల మందలో పెరిగినవాణ్ణి నేను.

మంద కుక్క గొర్రెను కరవకూడదు. తప్పిపోయినదాని చుట్టూ తిరిగి, వెనక నుంచి నెమ్మదిగా మళ్లించాలి. ఆ పని కుక్కకు దెబ్బలతో రాదు. తల్లిని తోడేలు చంపితే, కళ్లు తెరవని ఒక ఎర్రకుక్కపిల్లకు మేకపాలలో గుడ్డ ముంచి పట్టాను. అది నా వేలు చీకుతూ నా గొంతు వింటూ పెరిగింది. "పో, మందకాడికి" అంటే చాలు, చెవులు వెనక్కి పెట్టి పరుగెత్తేది.

మామ బతుకుదెరువు రైతుల చేలలో మంద కట్టడం. రాత్రంతా గొర్రెలు చేలో పడుకుంటే పెంట పడి చేనుకు ఎరువవుతుంది, బదులుగా రైతు జొన్నలో డబ్బులో ఇస్తాడు. అప్పుడు ఊరు రెండు పార్టీలుగా చీలి ఉండేది. ఒకరు టీ తాగే అంగట్లో ఇంకొకరు అడుగు పెట్టేవాళ్లు కాదు. మామ మాత్రం ఇద్దరి చేలలోనూ మంద కట్టేవాడు.

"నువ్వు ఎవరి మనిషివి మామా?" అని ఎవరైనా గుచ్చితే, "గొర్రెలోన్ని" అనేవాడు. "మా పెంటకు పార్టీ లేదప్పా. యాడ పడితే ఆడ పండిస్తాది."

మా వైపు 'మన' అనేది పెద్ద మాట. 'మనోడేనా?' అంటే బంధువా అని కాదు, మన పార్టీయేనా అని. మామ ఆ మాటను ఎవరి నోటా తన మీద పడనివ్వకుండా బతికాడు.

ఒక పార్టీ నాయకుడి అనుచరుడు ప్రొద్దుటూరులో కేబుల్ ఛానల్ పెట్టి, మందకాడ నా అరుపులు విని, నచ్చి, మైకు పట్టడానికి నన్ను పిలిచాడు. మందను, ఎర్రకుక్కను మామకు వదిలేసి వెళ్లాను. అప్పటి నుంచి జనం కళ్లలో నేను ఆ పార్టీ మనిషిని.

కొన్నాళ్లకు జమ్మలమడుగు దగ్గర ఒక తిరునాళ్లలో గొర్రెకుక్కల పోటీ పెట్టారు. చెదిరిన గొర్రెలను కుక్క ఒక్కటే దొడ్డిలోకి తోలాలి. మనిషి గీత దాటకూడదు. మామ ఎర్రదాన్ని తెచ్చాడు. అది సగం మందను కూడగట్టింది. అంతలో స్పీకర్లలో నా గొంతు మోగింది. కుక్క ఆగిపోయింది. గొర్రెలను వదిలి, తల ఎత్తి, నేను ఏ దిక్కున ఉన్నానో వెతకసాగింది. మామ పిలుస్తున్నా వినలేదు.

నాకు ఒళ్లు తెలియలేదు. "అది మన కుక్కే! మన కుక్కే! పో, మందకాడికి!" అని మైకులోనే అరిచాను. అది దూసుకుపోయి గొర్రెలన్నిటినీ దొడ్డిలో పెట్టింది. గెలిచింది. మా ఛానల్ వైపు వాళ్లు ఈలలు వేసి టపాకాయలు కాల్చారు. అవతలి వైపు చప్పుడు లేదు. పోటీ టీవీలో మళ్లీ మళ్లీ వచ్చింది, నా మాటతో సహా.

ఆ వారమే అవతలి పార్టీ రైతులు మామను చేల గట్టు మీదే ఆపారు. "మీవాళ్ల చేలు ఉండాయి గదా, ఆడ కట్టుకో పో." ఇవతలివాళ్లు భుజం తట్టి, "ఇంగ నువ్వు మనోడివే, ఆ పక్కకు పోవాకు" అన్నారు.

మామ ప్రొద్దుటూరు బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. "టీవీలో ఒక్క మాట చెప్పు అల్లుడా. 'కుక్కను పెంచినోన్ని కాబట్టి మన అన్నా, పార్టీని చూసి కాదు' అని చెప్పు. అంతే."

"చెప్తా మామా" అన్నాను. ఛానల్ యజమానిని అడిగాను. "ఏందప్పా, కోరి కెలుకుతాండావు? మీ మామను మనోడనుకుంటే అనుకోనీ, మనకేం నష్టం?" అన్నాడు. నా ఉద్యోగానికి ఏ నష్టమూ లేదు. నోరు మూసుకున్నాను. ఊళ్లో సగం చేలు మూసుకుపోయాక మంద నిలవలేదు. మామ గొర్రెలను సంతలో అమ్మేసి, వేంపల్లెలో ఒక మిల్లు దగ్గర కాపలాకు కుదిరాడు. ఊళ్లో ఇప్పటికీ ఆయనను ఆ పార్టీ మనిషి అనే అంటారు. కాదు. ఆయన ఎవరి మనిషీ కాదు. ఆ రోజు 'మన' అన్నది ఎర్రదానికి పాలు పట్టినవాడు.

చాలా ఏళ్లు ఆలస్యంగా ఊళ్లో మామ ఇంటికి వెళ్లాను. ఆయన మంచం మీద చోటిచ్చి, "టీవీలో శానా బాగా మాట్లాడుతాండావు అల్లుడా" అన్నాడు. ఎత్తిపొడిచాడో మెచ్చుకున్నాడో తెలియలేదు. ఇంట్లో టీవీ మీద గుడ్డ కప్పి ఉంది. చెడిపోయిందా అని అత్తను అడిగాను.

"చెడిపోలేదు నాయనా. నీ గొంతు వినపడితే ఎర్రది లేచి ఖాళీ దొడ్డికాడికి పోయి నిలబడుతాది. చూడలేక మీ మామే ఆపేసినాడు."

గడప దగ్గర ముసలి కుక్క అప్పటికే లేచి, దొడ్డి వైపు తిరిగి నిలబడి ఉంది. నేను ఇంక మాట్లాడలేదు.