కూజా ఒకచోట, బిరడా ఒకచోట: బిట్రగుంట ప్రయాణం

నేను చుక్క ముట్టని మనిషిని. అయినా మా ఇంట్లో వైను వడ్డించే పాత సామాను పద్నాలుగు శాల్తీలు ఉన్నాయి. మద్యనిషేధం ఉన్న రోజుల్లో, నెల్లూరు కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుకు ఇదేం పిచ్చి అని మీరు అడిగే లోపే మా ఆవిడ అడిగేసింది. ఆమె మాటల దాడికి జవాబుగా వాటిని పనిలో పెట్టాను. కుళాయి బిగించిన పింగాణీ పీపాలో వేసవంతా మజ్జిగ పోసుకుంటాం. వెండి పూత మూతి ఉన్న జగ్గులో చుట్టాలకు పానకం ఇస్తాం. దొరలు ఇళ్ళు ఖాళీ చేస్తూ అమ్ముకున్న ఈ వస్తువుల్లో పనితనం ఉంది. అది నాకిష్టం. అంతకు మించి చెప్పుకోదగ్గ కారణం లేదు.

ఈ ప్రయాణానికి మాత్రం ఒక బిరడా కారణం. నిరుడు బిట్రగుంట రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ సామాను వేలం వేస్తే, కట్ గ్లాసు కూజా ఒకటి పాడుకున్నాను. భోజనాల బల్ల మీద వైను పోసి ఉంచుకునే కూజా అది. ఇంటికి తెచ్చి చూస్తే గాజు బిరడా మెడలో వదులుగా ఆడుతోంది. రోజూ ల్యాబులో యాసిడ్ సీసాలతో వేగేవాణ్ణి కాబట్టి అనుమానం వచ్చి భూతద్దం పెట్టి చూశాను. ఇలాంటి సామానులో ఏ బిరడాను ఆ కూజా మెడకే సరిపోయేలా అరగదీస్తారు. తారుమారు కాకుండా రెండింటి మీదా ఒకే అంకె గీస్తారు. నా కూజా మెడ మీద ఏడు ఉంది, బిరడా మీద ఎనిమిది ఉంది. అంటే దీని జత కూజా ఎక్కడో నా ఏడో నంబరు బిరడాతో కూర్చుని ఉందన్నమాట. వేలం నడిపిన గుమస్తాను వాకబు చేస్తే, రెండో కూజాను వాళ్ళ వంటమనిషి దేవదానానికి ఇచ్చి వెళ్ళారనీ, అతనిది బోగోలు దాటాక సముద్రం వైపు పల్లె అనీ చెప్పాడు. ఆ కూజాను కూడా కొనేసి జత కలపాలని నా ఆశ.

మే నెలలో ఒక శనివారం ఉదయం ఆరున్నర ప్యాసింజరు ఎక్కాను. టిక్కెట్టు రూపాయి లోపే. గంటంబావు ప్రయాణం. బిట్రగుంట వెళ్ళేవాళ్ళు తెల్ల చొక్కా వేసుకోకండి. ఇంజన్ల షెడ్డు మసి మనిషిని వెతుక్కుంటూ వచ్చి మరీ పలకరిస్తుంది. స్టేషన్లో ఇడ్లీ తిని బయటికి వస్తుంటే నా సంచిలో తువ్వాలు చుట్టిన కూజాను చూసి ఒక కానిస్టేబుల్ ఆపాడు. మూత తీసి వాసన చూశాడు. ముందురోజు మా ఆవిడ అందులో మజ్జిగ పోసింది. కరివేపాకు వాసన తగిలేసరికి పాపం అతని మొహంలో ఉత్సాహం చప్పబడిపోయింది.

బయట జట్కాలు దొరుకుతాయి. రానూపోనూ రెండు రూపాయలకు బేరం కుదిరింది. నేను చేపల కోసం వెళుతున్నానని జట్కా అతను గట్టిగా నమ్మి, దారి పొడుగునా ఏ చేప ఎట్లా ఎంచుకోవాలో నేర్పాడు. చివరి మైలు ఇసుక. బండి దిగి నడవాల్సిందే. సరుగుడు తోపుల మధ్య నడుస్తుంటే సముద్రం కనపడదు గాని హోరు వినిపిస్తుంది. తొమ్మిదిన్నరకు పల్లె చేరాను.

దేవదానానికి అరవై దాటి ఉంటాయి. మొలపంచె మీదే ఉన్నాడు గాని, నాకు మంచినీళ్ళు ఇచ్చిన తీరు చూడాలి. ట్రే మీద మడత పెట్టిన తెల్లగుడ్డ, దాని మీద ఇత్తడి గ్లాసు, నడుములో చిన్న వంపు. అరుగు మీద ఆయన భార్య ఎస్తేరమ్మ కిస్‌మిస్ పళ్ళు నీళ్ళలో పిసుకుతోంది. మరునాడు వాళ్ళ గుడిలో ప్రభువు బల్ల. ఈ పళ్ళు ఉడికించి వడగట్టిన రసాన్నే ద్రాక్షారసంగా అందరికీ ఇస్తారట. ఆ రసం పోసేది నేను వెతుక్కుంటూ వచ్చిన కూజాలోనే.

"అది అమ్మేది కాదు సార్. గుడికి ఇచ్చేసినాను" అన్నాడు దేవదానం.

నా ఆశ అక్కడే నీరుగారిపోయింది. చూడనిస్తే చాలన్నాను. ఆయన పెట్టె తెరిచి కూజా బయటికి తీయగానే ఎస్తేరమ్మ లేచి, చేతులు కొంగులో చుట్టుకుని దూరంగా వెళ్ళి నిలబడింది. బిరడా మెడలోకి దిగక పైకి పొడుచుకొచ్చి ఉంది. చీమలు పోకుండా దాని మీద గుడ్డ కట్టారు.

సంగతి ఆయనే మెల్లగా చెప్పాడు. ఆరేళ్ళ కిందట ఫోర్‌మన్ బంగళాలో క్రిస్మస్ విందు అయ్యాక ఎస్తేరమ్మ రెండు కూజాలనూ కడిగింది. ఆ మర్నాటి నుంచి బిరడా సరిగ్గా పట్టలేదు. ఇత్తడి తోమినట్టు ఇటుకపొడితో గాజును గీకి పాడు చేసిందని దొరసాని కోప్పడి, ఆమెను బంగళా గుమ్మం తొక్కవద్దంది. దేశం వదిలి వెళ్ళేటప్పుడు, పాడైపోయిన కూజా కదా అని దీన్ని ఆయనకిచ్చింది. ఆనాటి నుంచి ఎస్తేరమ్మ గాజు వస్తువు పట్టుకోలేదు. రసం కాచేది ఆమే అయినా కూజాలో పోసేది మాత్రం వేరొకరు.

నేను భూతద్దం తీశాను. కూజా మెడ మీద ఎనిమిది, బిరడా మీద ఏడు. నా కూజా బయటికి తీసి బిరడాలు మార్చాను. రెండూ మెత్తగా దిగి, కదలకుండా కూర్చున్నాయి.

"అక్కా, ఒకసారి ఇట్లా రా. నువ్వు గీకలేదు. గాజు ఇసుమంతైనా అరగలేదు. ఆ రోజు ఒకదాని బిరడా ఇంకొకదానికి పెట్టినావు, అంతే."

ఆమె వచ్చి చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు.

"గుడిలో గంట కొట్టినారని తొందర్లో బిరడాలకు దారాలు కట్టకుండా కడిగినాను. మార్చింది నేనే, అది నా తప్పే" అంది. తరవాత నాతోనే మాట్లాడుతున్నట్టు, భర్త వైపు చూడకుండా అంది: "గీకలేదని అప్పుడే చెప్పినాను సార్. దొరసాని నమ్మలేదంటే సరే. ఈయన గూడా నమ్మలేదు."

నాకు నా కూజా సంచిలో పెట్టుకుని పారిపోవాలనిపించింది. దేవదానం తల వంచుకుని లోపలికి వెళ్ళాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. కాసేపటికి తిరిగి వచ్చాడు. ఈసారి మొలపంచె మీద, బంగళాలో తొడుక్కునే తెల్లకోటు ఉంది. చేతిలో అదే ట్రే, అదే మడత గుడ్డ. దాని మీద పెట్టె అడుగునుంచి తీసిన గాజు గ్లాసులో మంచినీళ్ళు. నా పక్కనుంచి దాటి వెళ్ళి భార్య ముందు నడుము వంచి నిలబడ్డాడు.

"తీసుకో ఎస్తేరూ" అన్నాడు.

ఆమె రెండు చేతులతో గ్లాసు అందుకుని మొత్తం తాగింది. నా కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోవడమెందుకు.

మధ్యాహ్నం మామిడికాయ వేసిన చేపల పులుసుతో భోజనం పెట్టారు. నేను బయలుదేరే ముందు ఎస్తేరమ్మ రెండు కూజాలనూ కడిగింది. ముందు ఒక్కో బిరడాను దాని మెడకు దారంతో కట్టి, ఆ తరవాతే నీళ్ళు పోసింది. ఐదు గంటల బండి పట్టుకుని ఏడుకల్లా ఇంట్లో ఉన్నాను.

జత కోసం వెళ్ళినవాణ్ణి ఒక్క కూజాతోనే తిరిగొచ్చాను. మా అలమరలో దాని పక్కన ఖాళీ అలాగే ఉంది. కాని, ఆ ఖాళీ చూస్తే నాకిప్పుడు వెలితిగా అనిపించదు. వారం తిరక్కుండా దేవదానం దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అందులో రెండే వాక్యాలు: "బల్ల రోజు కూజా మా ఇంటామే మోసింది. నేను వెనక నడిచినాను."

మీలో ఎవరైనా ఇలాంటి కూజా కొనబోతే మెడ మీది అంకె, బిరడా మీది అంకె ఒకటేనా అని ముందు చూసుకోండి. కడిగేటప్పుడు దారం కట్టండి. నా కూజాకు ఎస్తేరమ్మ కట్టిన దారం ఇంకా అలాగే ఉంది. మజ్జిగ పోసేటప్పుడు కూడా మా ఆవిడ దాన్ని విప్పనివ్వదు, బిరడాను పక్కకు జరుపుతుంది.