చిత్తూరుకు ఒక పంది తొడ

చెన్నైలో మాంసం నిల్వచేసే ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే ఉద్యోగం నాది. వరసగా నైట్ షిఫ్టులు చేసి, సెలవు దొరికిన రోజున నిద్రపోకుండా చిత్తూరు బయలుదేరడానికి కారణం కాలేజీ హాస్టల్లో నా గదిలో ఉండిన ప్రభాకర్. వాళ్ళ నాయన దేవదాసు గారికీ, గూడూరులో ఉండే పెదనాయన శామ్యూల్ గారికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. తండ్రి సమాధి రాయి మీద ఎవరి పేరు ముందు చెక్కించాలన్న దగ్గర చెడింది. ఈ క్రిస్మస్‌కు రమ్మని ప్రభాకర్ ఫోన్ చేస్తే పెదనాయన, "మా నాయన మిషను బంగళాలో వండినాడే, ఆ తొడ మాంసం పెడితే వస్తా" అన్నాడట. ప్రభాకర్ వాళ్ళ తాత ఆ దొరల వంటమనిషి. పండగనాడు బల్ల మీద మిగిలిన ముక్కలు ఇంటికి తెచ్చేవాడు. అది హామ్, ఉప్పునీళ్ళలో ఊరబెట్టి వండే పంది తొడ అని ప్రభాకర్‌కు అర్థమైంది. వెంటనే నాకు ఫోన్ చేశాడు.

ఇరవై మూడో తేదీ ఉదయం ఆరున్నరకు తిరుపతి రైలెక్కాను. థర్మకోల్ పెట్టెలో ఐసు మధ్య ఉప్పునీళ్ళలో ఊరిన ఐదు కిలోల పంది తొడ. రైలుపెట్టె నిండా తిరుమల కొండకు పోయే జనం. ఎదుటి సీటు పెద్దావిడ అడిగింది.

"ఏముండాది నాయనా అందులో, మందులా?"

"క్రిస్మస్ విందుకు మాంసం అమ్మా."

"మొక్కు తీర్సను పోతాండాము. కోపం సేసుకోవద్దు, రవంత అవతల పెట్టుకో."

కోపం రాలేదు, ఓపిక లేదు. పెట్టె పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. మా ఊరు నగరి వచ్చింది, పోయింది. దిగిపోయి మరమగ్గాల చప్పుడులో పడుకోవాలనిపించింది. తిరుపతిలో ఇడ్లీ తిని చిత్తూరు బస్సెక్కాను. ఇలాంటి సరుకుతో వచ్చేవాళ్ళు చెన్నై నుంచి నేరుగా చిత్తూరు బస్సు పట్టుకోవడం మేలు.

ఒంటిగంటకు ప్రభాకర్ ఇల్లు చేరాను. ఉప్పు దిగడానికి తొడను బక్కెట్టెడు నీళ్ళలో వేసి, పడుకున్నాను. లేచేసరికి దీపాలు పెట్టారు. బక్కెట్టు ఖాళీ. తొడ పళ్ళెంలో పచ్చగా మెరుస్తోంది. ప్రభాకర్ వాళ్ళమ్మ రాణమ్మ గారు చేతులు కడుక్కుంటున్నారు.

"మాంసాన్ని నీళ్ళల్లో పారేసి నిద్రపోతే సెడిపోదా అబ్బా? రాళ్ళుప్పు, పసుపు బాగా పట్టించి పెట్టినా."

ఏ ఇంట్లోనైనా మాంసం రాగానే చేసే పని అదే, మా ఇంట్లో తప్ప. మావాళ్ళు మాంసం ముట్టరు, నాకు ఉద్యోగంలో అలవాటైంది. అందుకే దీనికి ఉప్పు ముందే పట్టిందని చెప్పాలని నాకు తోచలేదు. కడిగి, మళ్ళీ నీళ్ళలో వేశాను. పడుకునేదాకా నీళ్ళు మారుస్తూనే ఉన్నాను. ఉప్పు కొంత దిగింది. పసుపు దిగలేదు.

మరునాడు పొద్దున సన్నమంట మీద నాలుగు గంటలు ఉడికించాను. తోలు ఒలిచి, కొవ్వు మీద కత్తితో గళ్ళు గీసి, ప్రతి గడిలో ఒక లవంగం గుచ్చాను. బెల్లం పాకం, తోతాపురి మామిడి గుజ్జు, ఆవముద్ద, నిమ్మరసం కలిపిన పూత సిద్ధం చేశాను. కేకుల పని ముగిశాక వీధి చివరి బేకరీ వాళ్ళు ఓవెన్ ఇచ్చారు. పూత పూయడం, కాల్చడం, మళ్ళీ పూయడం. మూడోసారికి అద్దంలా నిగనిగలాడింది. కోసి చూస్తే అంచు వెంట పసుపుపచ్చ గీత. ముక్క నోట్లో వేసుకున్నాను. ఉప్పు. చెప్పడానికి ధైర్యం చాలలేదు.

సాయంత్రం ఆరుకు శామ్యూల్ గారు వచ్చారు. చెప్పులు విప్పుతూనే, "ఎనిమిదింటికి నాకు బస్సుండాది" అన్నారు. అన్నదమ్ములు బల్లకు చెరో కొసన కూర్చున్నారు. ఆయన ముక్క తీసుకుని వెలుతురులోకి పట్టి చూశారు.

"ఎవురమ్మా దీనికి పసుపు పూసింది?"

రాణమ్మ గారు తల వంచుకున్నారు. ప్రభాకర్ నా వైపు చూశాడు. ఆయన నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు.

"మాయమ్మ గూడా ఇంతే. నాయన తెచ్చిన ముక్కలకు మళ్ళా ఉప్పూ పసుపూ పట్టించేది. ఎంత తిట్టినా ఇనేది కాదు."

బల్ల అవతలి కొస నుంచి దేవదాసు గారు మెల్లగా అడిగారు. "ఉప్పెక్కువయిందా అన్నా?"

"శానా ఎక్కువ. సూస్తా కూసున్నావే, నీళ్ళు పొయ్యి."

దేవదాసు గారు లేచి చెంబు తెచ్చారు. పెద్దాయన రెండోసారి వడ్డించుకున్నారు, మూడోసారీ. చెంబు నిండుతూ, ఖాళీ అవుతూ ఉంది. ఎనిమిది దాటింది. బస్సు మాట ఎవరూ ఎత్తలేదు.

క్రిస్మస్ పొద్దున నన్ను బస్టాండుకు దిగబెట్టడానికి అన్నదమ్ములిద్దరూ వచ్చారు.

"నగరి బస్సు ఈడ ఆగదురా."

"ఈడే ఆగుతాది అన్నా, నీకేం తెలుసు, నువ్వు గూడూరోడివి."

బస్సు కదిలేటప్పటికీ వాదన తేలలేదు. కిటికీ సీటు దొరికింది. రెండు బాటిళ్ళ నీళ్ళు తాగినా దాహం తీరలేదు. ఒళ్ళంతా నొప్పులు. నా గోళ్ళలో పసుపు ఇంకా అలాగే ఉంది. నగరిలో దిగగానే అమ్మ చేతులు చూసి, ఎవరింట్లో శుభకార్యమని అడుగుతుంది. చిత్తూరులో, ప్రభాకర్ వాళ్ళింట్లో అని చెప్పొచ్చు.