ఆయన వేసిన గేరు

మొన్న మధ్యాహ్నం బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే మా పెద్దమ్మ ఊరి మనిషి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. ఆ నిలబడడంలోనే నాకు సగం తెలిసిపోయింది.

"మీ పెద్దమ్మ పొద్దున పోయినాదమ్మా. మంచం మీద కూచోని మాట్లాడతా మాట్లాడతానే..." అన్నాడు.

పిల్లలు ఏడో ఎక్కం ఆపలేదు.

ఆమె మా అమ్మకు అక్క. శింగనమలకు అవతల, రాతిగుండ్ల మధ్య, ఎర్రమట్టిలో ఉన్న చిన్న ఊరు వాళ్లది. ఇరవై ఏళ్ల వయసులో నాకు మొదటి ఉద్యోగం ఆ ఊరి బడిలోనే వచ్చింది. మూడేళ్లు ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఆమెకు పిల్లలు లేరు. పెద్దనాయన పోయి అప్పటికి ఏడేళ్లు.

ఇంటి వెనక దొడ్లో ఒక మోటారు బండి ఉండేది. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక సామాను వేసుకునే తొట్టి. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలించుకున్న బండ్లలో అదొకటి. పెద్దనాయన దాంట్లో చెనక్కాయల మూటలు తోలేవాడు. పక్క సీటులో పెద్దమ్మ. పిల్లల్లేని ఇంట్లో ఒక్కతే కూర్చుని ఏం చేస్తావని ఆయనే ఎక్కించుకుని పోయేవాడట. ఒక సాయంత్రం ఆయన బండిని దొడ్లో నిలిపి, ఒళ్లు కాలుతోందని పడుకున్నాడు. నాలుగో రోజుకు లేడు.

ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. తొట్టిలోకి కాకరతీగ పాకింది. సీటు కింద కోళ్లు గుడ్లు పెట్టేవి. పెద్దమ్మ మాత్రం రోజూ పొద్దున తడిగుడ్డతో ముందు అద్దం తుడిచేది. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి అడిగితే, "అది సచ్చిపోలేదప్పా, కూచోనుండాది. పోండి" అనేది.

ఆమెకు చదువు రాదు. చెవులు మాత్రం గొప్పవి. మధ్యాహ్నం ఎండకు ఊరంతా కళ్లు మూసుకుని పడి ఉన్నప్పుడు, గాలి గుండ్ల మీద నుంచి దిగి వచ్చేటప్పుడు, ఆమె అరుగు మీద కూర్చుని వింటూ ఉండేది. దూరంగా పోయే ఎద్దులబండి ఎవరిదో చెప్పేది. వీధిలో నడిచేవాళ్లలో ఎవరికి కాలు నొప్పో చెప్పేది. "చూసేది అందరూ చూస్తారు పాపా. ఇనేది నేర్చుకో" అనేది నాతో. బడిలో నాకు అంతకన్నా పనికొచ్చిన మాట ఇంకొకటి లేదు.

నేను వెళ్లిన రెండో ఏడు వాన రాలేదు. దానికి ముందు ఏడు కూడా అంతంతమాత్రమే. ఊరి బావిలో చేద వేస్తే బురద వచ్చేది. ఆడవాళ్లు రెండు మైళ్ల అవతల ఏటి ఇసుకలో చెలమలు తవ్వి, చిప్పతో తోడి కడవలు నింపుకునేవారు. ఎండలో వాళ్లు నడిచి వస్తుంటే, ఎదురుగా నేలంతా నీళ్లలాగా మెరిసేది. ఆ మెరుపులోంచి కడవలు ముందు కనబడేవి, మనుషులు తర్వాత.

ఒకనాడు మా బడికి ఎదురింటి కోడలు, ఏడు నెలల కడుపుతో ఉన్న పిల్ల, దోవలో కళ్లు తిరిగి పడిపోయింది. ప్రాణానికి ఏమీ కాలేదు. కడవ పగిలింది. ఆ పిల్ల మా ఇంటికి వచ్చి తన నొప్పి గురించి కాక, నేలపాలైన నీళ్ల గురించి ఏడ్చింది. పెద్దమ్మ ఆమె తల నిమిరింది. ఆ సాయంత్రం నాతో అంది: "పాపా, ఒక కార్డు రాయి. మేస్త్రీని రమ్మను."

మేస్త్రీ ఒకప్పుడు పెద్దనాయన దగ్గర క్లీనరు. ఇప్పుడు బుక్కరాయసముద్రంలో మోటార్లు బాగుచేసుకుంటున్నాడు. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మూత ఎత్తి చూశాడు.

"వదినా, ఇంజను బిగిసిపోయుండాది. లేస్తాదో లేదో చెప్పలేను."

"నేనేమన్నా లేస్తాదని చెప్పమన్న్యానా? చూడమన్న్యా."

ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కిరసనాయిలు, ఆముదం కలిపి పోశాడు. పది రోజులు నాననిమ్మన్నాడు. ఆ పది రోజులూ పెద్దమ్మ పొద్దునా సాయంత్రం పోయి, పచ్చిబాలింతకు పథ్యం పెట్టినట్టు, కొంచెం కొంచెంగా ఆముదం పోసి వచ్చేది. మేస్త్రీ మళ్లీ వచ్చి పెట్రోలు ట్యాంకులో గులకరాళ్లు వేసి ఊపి తుప్పు రాల్చాడు. టైర్లకు వేరే ట్యూబులు వేశాడు. వేరే బ్యాటరీని అనంతపురంలో ఛార్జి చేయించి బస్సులో తెచ్చాడు. చివరికి ముందు నుంచి హ్యాండిల్ దూర్చబోయి ఆగాడు.

"వదినా, బండి గేరులో ఉండాది. తీయకుండా తిప్పితే నా మీదికొస్తాది."

చేతి బ్రేకు సరిగా పట్టదని ఆ చివరి సాయంత్రం పెద్దనాయన బండిని గేరులో వేసి దిగాడు. ఆయన చేతులతో చేసిన ఆఖరి పని అది. ఎనిమిదేళ్లుగా అక్కడ అది అలాగే ఉంది. ఆమె అద్దం బయటే తుడిచేదని, తలుపు తీసి లోపల ఒక్కనాడూ కూర్చోలేదని నాకు అప్పుడు తట్టింది.

"నేను తీస్తా వదినా," అన్నాడు మేస్త్రీ, మెల్లగా.

"వద్దు. ఉండప్పా."

తలుపు కిర్రుమంది. ఆమె డ్రైవరు సీటులో కూర్చుంది. గేరు పిడి మీద చెయ్యి పెట్టింది. నేను కిటికీ పక్కనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. ఏటి వైపు నుంచి కడవలవాళ్లు తిరిగి వస్తున్న మాటలు వినబడ్డాయి. ఆమె కూడా వాళ్లనే వింటోందని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది.

"ఇంగ చాలు," అంది, ఎవరితోనో. పిడి లాగింది. టక్కుమని చిన్న చప్పుడు. అంతే. దిగి వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, "తిప్పు" అంది.

ఆ రోజు లేవలేదు. మర్నాడూ లేవలేదు. మూడోనాడు నల్లటి పొగ కక్కి లేచింది. కోళ్లు గోడలెక్కాయి. ఊరంతా దొడ్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది. మేస్త్రీ నవ్వడం నేను చూసింది అప్పుడే. పెద్దమ్మ మాత్రం కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపింది.

"కుంటుతాండాది. నాలుగు ఎద్దుల్లో ఒకటి కాడి మొయ్యడంల్యా."

మేస్త్రీ ఆమెను ఎగాదిగా చూశాడు. ఇంజను ఆపి, నాలుగు ప్లగ్గులూ ఒక్కొక్కటే విప్పాడు. మూడోదాని పింగాణీలో వెంట్రుక సన్నం పగులు. కొత్తది వేసి తిప్పాడు. ఈసారి ఆమె ఏమీ అనలేదు. మూత మీద అరచెయ్యి ఆనించి అలా నిలబడి ఉండిపోయింది.

బుక్కరాయసముద్రం చెరువు కింద ఒక తోటబావిలో నీళ్లున్నాయి. తోటాయన తోడుకోమన్నాడు. తొట్టిలో ఆరు పీపాలు. మేస్త్రీ నడిపేవాడు, పెద్దమ్మ తన పాత చోటులో పక్కన కూర్చునేది. మొదటిరోజు బండి నేరుగా ఊరి కొసకు, ఊరి బావిలో చేద వేయనివ్వని వాళ్ల ఇళ్ల దగ్గరకు పోయి ఆగింది. ఊళ్లో పెద్దమనుషులు ఇద్దరు ఎదురొచ్చారు.

"ఏమక్కా, ముందు మాకు పొయ్యకుండా ఆడికి పోతివే?"

"వాళ్లు ఇన్నేండ్లు ఎనకనే నిలబడినారు గదన్నా. నువ్వొక్క గంట నిలబడు," అంది.

వాళ్లు గొణిగారు. కడవలు మాత్రం ఇంటికి తీసుకుపోలేదు. నిలబడ్డారు. ఆ ఎండాకాలమంతా అదే వరస నడిచింది. ఆ కోడలుపిల్లకు పుట్టిన ఆడపిల్లకు మొదటి స్నానం ఆ పీపా నీళ్లతోనే పోశారు.

బండి తర్వాత నాలుగేళ్లు తిరిగింది. చివరికి ఇరుసు విరిగితే, పెద్దమ్మే మేస్త్రీని పిలిచి, పనికొచ్చేవన్నీ విప్పుకుని పొమ్మంది. సెలవుల్లో చూడబోయిన నాకు బాధేసింది. ఆమెకు లేదు. "పనికొచ్చేది పనిలోనే పోవల్ల పాపా" అంది.

ఆమెను తలుచుకుంటే నాకు ఒక్క దినమే కళ్లకు కడుతోంది. బడి సెలవు కాబట్టి నేనూ వెనక తొట్టిలో పీపాల మధ్య కూర్చుని వస్తున్నాను. సగం దోవలో ఆకాశం నల్లబడింది. మట్టివాసన ముందు, వాన తర్వాత. రెండేళ్లు చూడని వాన. మేస్త్రీ బండి ఆపి అరిచాడు: "వదినా, దోవ బురదైతాది. పీపాలు వొంపేసి పోదామా?"

"వాళ్లు కాసుకోనుంటారు. బండి పోనీ," అంది.

పోయేసరికి ఊరి కొసన ఆడవాళ్లంతా, ముసలీ ముతకా, ఆ జడివానలోనే కడవలతో వరసగా నిలబడి ఉన్నారు. ఎవరికీ ఇంటికి పోవాలని తోచలేదు. పెద్దమ్మ తడిసి ముద్దయి తొట్టిలోకి ఎక్కింది. పీపా మూతలు తీసింది. చెంబుతో ముంచి ఒక్కొక్కరికీ పోస్తోంది. వాన పైనుంచి పీపాల్లోకి కురుస్తోంది. ఆమె ముంచుతూనే ఉంది, పోస్తూనే ఉంది. పీపాలో నీళ్లు తగ్గడం లేదు.