మామగారి మేకపోతుకి జ్వరం

ఆ రోజుల్లో నాకు సంతకం పెట్టాలన్నా భయమే, పెట్టకపోవాలన్నా భయమే. విజయవాడలో కబేళాకి కొత్తగా వచ్చిన పశువైద్యుణ్ణి. కోతకు ముందు ప్రతి జీవాన్నీ చూసి, జ్వరం లేదని రాసి సంతకం చేయాలి. కోశాక మాంసం మీద నీలం ముద్ర వేయాలి. పెడితే తిన్నవాళ్లకేమవుతుందో, పెట్టకపోతే తెచ్చినవాళ్లేమంటారో అని అన్నం సయించేది కాదు. (ఒకరోజు కంచం ముందు కూర్చుని "అమ్మా, దీనికి ముద్ర పడిందా?" అని అడిగి తిట్లు తిన్నాను. అది వంకాయ కూర.)

అంతలో పటమటలో సంబంధం కుదిరింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లోనే ప్రధానం, విందు. ఇంకొకరైతే మేకపోతును పెరట్లోనే కానిచ్చేవారు. కాబోయే మామగారికి మాత్రం నా ఉద్యోగమంటే మహా గర్వం. "అల్లుడుగారి ముద్ర పడిన మాంసమే మనోళ్లకి పెట్టాలండీ" అంటూ, పామర్రులో తమ్ముడి దగ్గర పెంచిన పోతును శనివారం మధ్యాహ్నం ట్రక్కు ఆటోలో, మెడలో బంతిపూల దండతో సహా కబేళాకి తెచ్చారు. థర్మామీటరు పెట్టి చూశాను. నూట ఆరు. మేకకి నూట మూడు, మహా అయితే ఇంకో అర డిగ్రీ ఉండొచ్చు. పోతు నిలకడగానే ఉంది, నేనే థర్మామీటరు విదిలించి మళ్లీ పెట్టాను.

"ఎండన పడొచ్చింది గదండీ, వేడి చేసుంటది" అన్నారు మామగారు. నాకూ అదే ఆశ. నీడన కట్టేసి, నీళ్లు పెట్టి, గంటకోసారి వెళ్లి చూశాను. జ్వరం దిగలేదు సరికదా, సాయంత్రానికి ముక్కు కారడం కూడా మొదలైంది. "జ్వరముంటే ఏమైందండీ, ఎలాగూ ఉడకబెడతాం గదా!" అన్నారు మామగారు. రూలు ఒప్పుకోదన్నాను. "రూలు చూసేది మీరే గదండీ!" అన్నారాయన. అక్కడ ఏళ్ల తరబడి కత్తి పట్టిన పెద్ద భాయిని దీనంగా చూశాను. నా రూళ్లకి రోజూ విసుక్కునే మనిషి కదా, ఏదో దారి చెప్తాడనుకున్నాను. "మీరు సంతకం పెడితే కోస్తా సాబ్, లేకపోతే ముట్టను. మీరే గదా నేర్పిచ్చింది" అన్నాడు.

ఆదివారం తెల్లవారగానే ఆఖరిసారి చూశాను. తగ్గలేదు. పెళ్లి పోతే పోయిందిలే అనుకునేంత గొప్పవాణ్ణి కాను. పెళ్లి పోతుందనే ఏడుపొచ్చింది. ఆ ఏడుపు దిగమింగుకుంటూ 'కోతకు పనికిరాదు' అని రాశాను. నేను సూదిమందు వేశాక, మామగారు పోతు మెడలో దండ తీసి చేత్తో పట్టుకుని, దాన్ని ఆటో ఎక్కించుకుని వెళ్లిపోయారు.

విందులో పప్పు గోంగూర, కోడిగుడ్ల పులుసు. బంధువులు ముక్క కోసం పులుసు గిన్నెను అడుగంటా దేవారు. పెళ్లికూతురి నాయనమ్మ హాలంతా వినబడేలా, "మేకకే సంతకం పెట్టనోడు, రేపు పెళ్లి రిజిస్టర్లో పెడతాడంటారా?" అంది. పెళ్లికూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

నవ్వేనట. పెళ్లయ్యాక చెప్పింది. పెళ్లిరోజున రిజిస్టరు నా ముందు పెట్టగానే, ముందు బెంచీలో నాయనమ్మ కర్ర ఊతంగా లేచి నిలబడింది. ఆ ఏడాది చెయ్యి వణక్కుండా నేను పెట్టిన సంతకం అదొక్కటే. పోతుకి వారంలో జ్వరం తగ్గింది. కోయడానికి మామగారికి మనసు రాలేదు. "అల్లుడుగారి పేషెంటు" అంటూ ముసలిదయ్యేదాకా సాకారు. అది మాత్రం నన్ను చూస్తే పలుపు తెంచుకునేది (థర్మామీటరును ఎవరు మర్చిపోతారు!).

ఇప్పుడు సంతకాలు ట్యాబ్ మీద వేలితో గీసేస్తున్నాను. చెయ్యి వణకదు. మరీ చులాగ్గా గీసేస్తున్నానని అనిపించిన రోజున, లేచి వెళ్లి అప్పుడే సంతకం గీసిన మేకను ఇంకోసారి చూసి వస్తాను.