నా ఓణీల వేడుకలో మామయ్య స్పీకర్లు

మా చిన్నప్పుడు... వేమూరులో ఆడపిల్లకి ఓణీలిస్తున్నారంటే ఇంటి ముందు మైకు మోగాల్సిందే. నా వంతు వచ్చేసరికి నాకు ప్రాణం చచ్చిపోయింది. నా సంగతి ఊరంతా టముకు వేయడం దేనికని, పీట మీద తల దించుకుని కూర్చున్నాను.

ఓణీ మేనమామే తేవాలి కదా... రేపల్లెలో ఉండే మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, ఓణీతో పాటు రెండు స్పీకర్లు కూడా తెచ్చాడు. తనే సరదాపడి బిగించినవి. నున్నటి టేకు పెట్టెలు, ముందువైపు అమ్మమ్మ పాత చీర గుడ్డ. వేడుకయ్యాక అవి నాకేనన్నాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చాడట!

బావమరిది అంత తెస్తే తను ఊరుకోవడం నాన్నకి చిన్నతనంగా తోచింది. తెనాలి వెళ్లి, మైకు షాపులో అన్నిటికంటే పెద్ద యాంప్లిఫయర్ అద్దెకి తెచ్చాడు.

మామయ్య దాన్ని చూసి కంగారుపడ్డాడు. "బావగారూ, ఇది యాభై వాట్లదండి. నా స్పీకర్లు పది వాట్లకి మించి తట్టుకోలేవు. సౌండు ఇక్కడిదాకానే పెంచండి" అని నాబ్ పక్కన సుద్దముక్కతో గీత గీశాడు.

"సౌండు ఎక్కువైతే స్పీకరుకేంట్రా నొప్పి? పక్కూరు జంపని దాకా వినపడాలి!" అన్నాడు నాన్న.

పేరంటాళ్లు నాకు అక్షింతలు వేస్తుండగా, నాన్న నాబ్‌ని గీత దాటించి చివరికంటా తిప్పేశాడు. పాట ఒక్కసారి దద్దరిల్లి... గరగరమని... ఆగిపోయింది. అమ్మమ్మ చీర గుడ్డ వెనక నుంచి కాలిన వాసన. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అప్పటిదాకా నా గురించే సిగ్గుపడుతున్నాను. ఆ క్షణం నాన్నని చూసి సిగ్గుతో చితికిపోయాను. మామయ్య వైపు కన్నెత్తలేకపోయాను.

మామయ్యే లేచాడు. అందరికీ వినపడేలా, "తప్పు నాదేనండి బావగారూ. వైరు సరిగ్గా బిగించలేదు" అన్నాడు.

అది అబద్ధమని నాన్నకి తెలుసు, నాకూ తెలుసు. కాదనడానికి నాన్నకి నోరు రాలేదు... తర్వాత కూడా రాలేదు. మా ఇంట్లో రేడియో మాత్రం ఆ రోజు నుంచీ చిన్నగానే మోగింది. వార్తలకి నాన్న చెవి ఆనించి కూర్చునేవాడు.

ఇప్పుడు ఫంక్షన్లలో నిలువెత్తు బాక్సులు... ఎంత పెంచినా ఏమీ కావు. అంత మోతలోనూ నాకు ఆ గరగరే గుర్తొచ్చి ముఖం దాచుకోవాలనిపిస్తుంది. మీ ఇళ్లలోనూ ఇలా ఎవరైనా మింగేసిన మాటలుంటే రాయండి... నాన్న మింగేసింది నేను అనేస్తున్నాను.

మామయ్యా, వైరు నువ్వు బాగానే బిగించావు.