అచ్చుకెక్కిన గోనెపట్టా

వానలు మొదలైతే మా గుమ్మం ముందు ఒక గోనెపట్టా పడి ఉంటుంది. ప్లాస్టిక్ పట్టా కొందామని మా కోడలు దుర్గ ఏటా అంటుంది, కొంటుంది కూడా, కానీ అది వారం తిరక్కుండా పెరట్లోకి పోయి బట్టలుతికే రాయి పక్కన స్థిరపడుతుంది. గుమ్మంలో మాత్రం గోనే. ఈ ఉదయం అందరూ తొక్కగా తడిసి బరువెక్కిన ఆ పట్టాను ప్రహరీ మీద ఆరేయబోతుంటే దాని వాసన గుప్పున తగిలింది. జనపనార, బురద, ఎప్పుడో అందులో మోసిన ధాన్యం తాలూకు దుమ్ము, అన్నీ కలిసిన వాసన. అది తగిలిందంటే నేను నవలలు రాసే సత్యవతిని కాను. మండపేటలో రైసుమిల్లు కళ్ళం గట్టున కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతున్న సత్తిని.

మాది ఉప్పుడు బియ్యం మిల్లు. మాది అంటే షావుకారుగారిదే, కానీ అందులో పనిచేసే వాళ్ళమందరం మా మిల్లు అనే అనేవాళ్ళం. ధాన్యాన్ని తొట్లలో నానబెట్టి, తెల్లారేసరికి ఆవిరి పట్టి, పొగలు కక్కుతుండగానే సిమెంటు కళ్ళం మీద గుట్టలుగా పోసేవారు. ఆ ఉడుకు వాసన కొత్తవాళ్ళకు కడుపులో తిప్పేది, మాకు మాత్రం ఆకలి పుట్టించేది. గుట్టల్ని పలచగా పరిచి, ఎండెక్కాక ఆడవాళ్ళందరూ వరసగా నిలబడి, కుచ్చెళ్ళు ఎగదోపుకుని, పాదాలు ఈడ్చుకుంటూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచేవారు. వాళ్ళు నడిచిన మేరా ధాన్యంలో చాళ్ళు పడేవి, అడుగునున్న గింజ పైకి తిరిగేది. ఆ చివరకు వెళ్ళి వెనక్కి తిరిగి మళ్ళీ ఇటు, మళ్ళీ అటు, గింజ గలగలమనేదాకా అదే నడక. ఆ వరసలో మా అమ్మ నూకరత్నం ఉండేది. మా నాన్న వీర్రాజు బస్తాలు మోసే కళాసీ. లారీకీ గోదాముకీ మధ్య వంగిన నడుముతో తిరుగుతుంటే ఆయన మొహం కంటే ఆయన పాదాలే నాకు ఎక్కువ గుర్తు. తమ్ముణ్ణి బళ్ళో వేశారు. నా బడి ఆ గట్టే.

ఆ గట్టు మీద నుంచే నాకు రుతువులన్నీ తెలిశాయి. చలికాలంలో పొద్దున్నే ధాన్యం గుట్టల్లోంచి లేచే ఆవిరిలో చేతులు కాచుకునేవాళ్ళం. మాఘంలో తాటి తేగలు కాల్చుకుని, చీల్చి, మధ్యలో ఉండే చందమామ అనే తెల్లటి మొలక కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. ఎండలు ముదిరితే ముంజలు, ఆ తర్వాత మామిడి తాండ్ర, అదీ అంచులు కత్తిరించిన ముక్కలు, చవగ్గా వస్తాయని నాన్న కండువాలో కట్టుకొచ్చేవాడు. అట్లతద్దినాడు కళ్ళంలో ఆడవాళ్ళందరూ తెల్లవారకముందే గోంగూర పచ్చడీ పెరుగన్నం తినేసి, గోరింటాకు పండిన చేతులతోనే పనికొచ్చి, ఎవరి చెయ్యి ఎక్కువ ఎర్రగా ఉందో చూసుకుంటూ ఎవరి మొగుడికి ఎంత ప్రేమో తేల్చేసేవారు. మా అమ్మ చెయ్యి ఎప్పుడూ వెలిసిపోయినట్టు ఉండేది. "వీర్రాజుకి మాటే కాదు, ప్రేమ కూడా కరువేనే" అని వెంకాయమ్మ ఏడిపించేది. వరసకు అందరికీ పిన్ని, నోటికి ఎవరికీ లొంగని మనిషి ఆవిడ.

మధ్యాహ్నం అన్నాల వేళ కథ ఉండేది. కళ్ళంలో చదువొచ్చిన మనిషి లక్ష్మీకాంతం ఒక్కతే. గేటు ముందు టీ కొట్లో పాతబడిన వారపత్రిక తెచ్చి, అందులో ధారావాహిక పైకి చదివేది. వినేవాళ్ళకు అన్నంలో కూర లేకపోయినా ఫరవాలేదు, ఆ కథ ఉంటే చాలు. ఒకసారి కథలో నాయిక రైల్వేస్టేషన్లో పెట్టె పక్కన నిలబడింది. వచ్చి తీసుకెళ్తానని నాయకుడు ముందే మాటిచ్చాడు. దూరంగా రైలు కూత వినిపించింది. లక్ష్మీకాంతం పేజీ తిప్పింది. తిప్పితే, ఆ పేజీ లేదు. టీ కొట్టాయన చింపి ఎవరికో పకోడీలు కట్టిచ్చేశాడు.

"ఇంతకీ వచ్చాడా, లేదా?" అంది వెంకాయమ్మ, ముద్ద చేతిలోనే ఉంచుకుని.

"నన్నడిగితే? ఆ పకోడీలు తిన్నోణ్ణి అడుగు పిన్నీ" అంది లక్ష్మీకాంతం.

"ఎవడు తిన్నాడో గానీ, ఆడికి అరగదు."

నేను గట్టు మీద నుంచే, "వచ్చాడు" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. "నీకెలా తెలుసే?" అంది అమ్మ.

"లారీ మీద వచ్చాడు. వంతెన కాడ లారీ దిగబడిపోయింది. అందుకే ఆలీసం. బట్టల్నిండా బురదే."

"వచ్చి ఏవన్నాడే?" అంది వెంకాయమ్మ.

"ఏవన్లేదు. పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు."

నాకు తెలిసిన మగవాళ్ళందరూ ఏదో ఒకటి మోసేవాళ్ళే. నా నాయకుడు కూడా మోశాడు. వెంకాయమ్మ, "పెట్టె ఎత్తాడంటే తీసుకెళ్ళిపోయినట్టేనే" అని, హాయిగా ముద్ద నోట్లో పెట్టుకుంది.

తర్వాతి వారం పత్రిక వచ్చింది. లక్ష్మీకాంతం చదవడం మొదలుపెట్టింది. అందులో నాయకుడు రాలేదు. నాయిక కన్నీళ్ళు తుడుచుకుని ఒక్కతే రైలెక్కేసింది, రైల్లో ఒక డాక్టరుగారు పరిచయమయ్యారు. చదువుతున్నకొద్దీ లక్ష్మీకాంతం గొంతు తగ్గిపోయింది. నేను కాకులు లేకపోయినా కర్ర ఊపడం మొదలుపెట్టాను.

"ఆపు" అంది వెంకాయమ్మ. "తప్పచ్చయ్యింది."

"తప్పేంటి పిన్నీ? ఇంత వివరంగా రాసుంటే!"

"మనిషి వచ్చి పెట్టె నెత్తికెత్తుకున్నాక మళ్ళీ రాలేదంటాడేంటి? అచ్చేసేవోళ్ళు ఎక్కడో తికమక పడుంటారు. అంత పెద్ద పుస్తకంలో ఓ ముక్క అటూ ఇటూ అవదా? సత్తి చెప్పిందే రైటు."

"ఆయ్, నిజమే" అన్నారు అందరూ. లక్ష్మీకాంతం నవ్వాపుకోలేక పత్రిక మూసేసింది. అచ్చులో ఉన్నదే తప్పు, ఒక పిల్ల నోటితో చెప్పింది ఒప్పు అని అంత ధీమాగా తీర్పు చెప్పిన మనుషులు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. ఈ రోజు వరకూ నాకు దొరికిన సన్మానాలన్నిటిలోనూ అదే పెద్దది.

ఆ రోజు నుంచి ఆ కథ నాదైంది. ఆడవాళ్ళు చాళ్ళు తీస్తుంటే నేను గట్టు వెంట వాళ్ళతో సమానంగా నడుస్తూ చెప్పేదాన్ని. నడక ఆగకూడదు కనుక కథా ఆగకూడదు. ఆ చివర వెనక్కి తిరిగేటప్పుడు మాత్రం వరస చెదిరి మాట వినపడదు కనుక, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నాయిక తలుపు తీసేది, లేదా ఉత్తరం అందుకునేది, లేదా వెనకనుంచి ఎవరో పేరుపెట్టి పిలిచేవారు. ఎవరు పిలిచారో తెలియాలంటే వరస గబగబా సర్దుకుని నడక అందుకోవాలి. "ఏయ్ పిల్లా, కాకులు కూడా నీ కథ వింటానికే దిగాయా?" అని గుమాస్తాగారు ఒకటి రెండుసార్లు కేకలేశారు కానీ, నడక జోరందుకున్న సంగతి ఆయనా చూశారు. కాకులకు పోయిన గింజలు పోతే పోనీ అనుకున్నట్టున్నారు.

నా కథలో ప్రేమ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. చైత్ర వైశాఖాల్లో మిట్టమధ్యాహ్నం ఆ సిమెంటు మీద నీళ్ళ చుక్క పడితే సుయ్యిమనేది. ధాన్యం మీద నడిచినంతసేపూ కాస్త నయం, గట్టు పక్కన ఖాళీ సిమెంటు మీద తిరగాల్సి వచ్చినప్పుడు మాత్రం పాదాలు కాలిపోయేవి. నాన్న ఆ వేళకి బస్తా దింపి, ఒక పాత గోనెపట్టా తొట్టిలో ముంచి, పిండి, అమ్మ తిరిగే చోట పరిచి, ఆవిడ వైపు చూడకుండా వెళ్ళిపోయేవాడు. అమ్మ దాని మీద ఒక్క క్షణం నిలబడి, తర్వాత పక్కకు జరిగి మిగతావాళ్ళను నిలబడనిచ్చేది.

"ఏవే రత్నం, మీ ఆయన తివాచీ పరిచాడు" అనేది వెంకాయమ్మ.

"సిగ్గులేపోతే సరి. సంచి కుళ్ళిపోద్ది, షావుకారుగారు చూత్తే ఏవంటారు?" అని అమ్మ నాన్నకు వినపడేలా కసిరేది.

నాన్న ఇంకో బస్తా కింద నుంచి, "ఆరేత్తాన్లే" అనేవాడు.

అంతే. వాళ్ళిద్దరి మధ్యా నేను విన్న ప్రేమ సంభాషణ మొత్తం అదే. కథ చివరికొచ్చినప్పుడు నా నాయకుడు కూడా నాయిక కాళ్ళ కింద తడి గోనె పరిచాడు, ఆరేత్తాన్లే అన్నాడు. వరసలో అందరూ మా అమ్మ వైపు చూశారు. అమ్మ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఇది అచ్చులో పడాలే సత్తీ, ఈసారి తప్పుల్లేకుండా పడాలి" అంది వెంకాయమ్మ. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట నా మనసులో పడిపోయింది.

పడింది కానీ, రాయడానికి అక్షరం లేదు. లక్ష్మీకాంతం పెళ్ళి చేసుకుని కాకినాడ వైపు వెళ్ళిపోయింది. నాకూ లారీ డ్రైవరుతో పెళ్ళైంది. నేనూ ఆ వరసలోనే చేరి, పిల్లల్ని చెట్టు నీడన పడుకోబెట్టి, నడుస్తూ నడుస్తూ ఎన్ని కథలు చెప్పానో. ధాన్యం ఆరబెట్టే యంత్రాలొచ్చాక వరస చెదిరిపోయింది. వినేవాళ్ళు తలో దిక్కుకు పోయాక కథలు లోపలే మిగిలిపోయాయి.

మా మనవడికి అక్షరాభ్యాసం చేసిన రోజు, చుట్టాలు భోజనాలకు లేచాక, పళ్ళెంలో బియ్యం అలాగే ఉండిపోయింది. వాడి అక్షరాలు కనపడుతున్నాయి. నేను అరచేత్తో బియ్యం సమం చేసి వేలితో ఒక గీత గీశాను. చాలు పడింది. గింజల్లో చాళ్ళు తీయడం నాకు పుట్టుకతో వచ్చిన పని కదా, కాలు చేసిన పని వేలు చేయలేదా అనిపించింది. వెనక నుంచి దుర్గ చూసింది. నవ్వుతుందనుకున్నాను. వచ్చి పక్కన కూర్చుని నా వేలు పట్టుకుంది. ఆ పళ్ళెం తర్వాత చాలాకాలం మా వంటింట్లోనే ఉంది. "మీ మనవడు మీకంటే ముందున్నాడండి అత్తయ్యా, కాస్త కానివ్వండి" అని దుర్గ అదిలిస్తుంటే, కూర మాడుతున్నా లేవకుండా దిద్దేదాన్ని. అక్షరాలు కుదిరాయి, మాటలు కుదిరాయి. వారపత్రికలు కూడబలుక్కుని చదివే స్థితికి వచ్చాక, ఒక ఎండాకాలం నా కళ్ళం కథ రాయడం మొదలుపెట్టాను. ఇంకో ఎండాకాలం నడుస్తుండగా ముగించాను.

రాజమండ్రిలో ఒక ప్రచురణకర్తకు పంపితే రమ్మని కబురొచ్చింది. నేనూ దుర్గా బస్సులో వెళ్ళాం. ఆయన మర్యాదగా కాఫీ ఇప్పించారు.

"నవల బావుందండి. ఒక్కటే లోటు. మీ నాయకుడు ఇన్ని పేజీల్లో ఒక్కసారైనా ప్రేమిస్తున్నానని అనడేంటండి?"

"అంటాడండి. ఆరేత్తాన్లే అంటాడు కదండి."

ఆయన నవ్వారు. "అది మీకు తెలుస్తుందండి, పాఠకులకు తెలియాలి కదా. చివర్లో ఒక్క వాక్యం మేమే కలుపుతాం. మీరు ఊఁ అనండి, వచ్చే నెలలో పుస్తకం మీ చేతిలో ఉంటుంది."

జీవితమంతా కోరుకున్నది బల్లకు అవతల ఉంది. దుర్గ నా మోచెయ్యి పట్టుకుంది. నాకు వెంకాయమ్మ గొంతు వినపడింది.

"వద్దండి. తప్పచ్చవుతుంది" అని కాగితాలు సంచిలో పెట్టుకున్నాను.

తిరుగు బస్సులో దుర్గ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. "ఒక్క వాక్యమే కదా అత్తయ్యా" అంది. ద్వారపూడి దాటాక మళ్ళీ తనే అంది: "మీ అబ్బాయి కూడా నాకెప్పుడూ ఆ మాట చెప్పలేదండి. కానీ నేను పుట్టింటికెళ్తే, వచ్చేసరికి నీళ్ళ బిందెలన్నీ తోమి నింపి ఉంటాయి. మీరే నింపారనుకునేదాన్ని."

"నేనెందుకు నింపుతానే?" అన్నాను.

"తెలిసిందండి." నా వైపు తిరిగి, "కలపొద్దులెండి" అంది.

కొన్నాళ్ళకు ఫోనొచ్చింది. "అమ్మా, కాగితాల నకలు ఒకటి మా ఇంట్లో ఉండిపోతే మా ఆవిడ చదివారండి. ఆ వాక్యం కలిపితే అన్నం పెట్టనన్నారు. మీరు రాసింది రాసినట్టే వేస్తున్నాం" అన్నారాయన.

పుస్తకం వచ్చిన రోజు పక్క వీధిలో తమ్ముడింట్లో ఉన్న అమ్మ దగ్గరకు పట్టుకెళ్ళాను. నాన్న అప్పటికే లేడు, వెంకాయమ్మా లేదు. అమ్మకు చూపు ఆనదు. పుస్తకాన్ని వాసన చూసింది, నిమిరింది, చదవమంది. కొన్ని మధ్యాహ్నాలు పట్టింది. గోనెపట్టా దగ్గరకొచ్చేసరికి, "ఇంకోసారి చదువు" అంది. చదివాను. తల పంకించి, కళ్ళంలో అందరి తరఫునా అన్నట్టు అంది: "ఈసారి అచ్చు సరిగ్గా పడిందే."

ఇప్పుడు నా పేరుతో ఇంకొన్ని నవలలున్నాయి. వాటిలో ఏ అధ్యాయం ఎక్కడ ఆపాలో నాకు ఇప్పటికీ ఆ గట్టే చెబుతుంది. ఆ కళ్ళం మాత్రం లేదు. దాని మీద ఫంక్షన్ హాలు కట్టారు, నడిచే చోట చలవరాళ్ళు పరిచారు, ఎండ లోపలికి రాదు. ఉడికిన ధాన్యం వాసన ఊళ్ళోకి రాదు, ఎక్కడో యంత్రాల గొట్టాల్లోనే ఉండిపోతుంది. పాదాలతో ధాన్యంలో గీతలు గీసిన మనుషుల్లో నేనూ ఇంకొందరూ మిగిలాం. అమ్మ కూడా పోయిన ఏడు వెళ్ళిపోయింది.

ఇది రాస్తుండగా మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. గుమ్మంలోంచి దుర్గ కేకేసింది. "అత్తయ్యా, ప్రహరీ మీద సంచి మళ్ళీ తడిసిపోతోందండి. ఇంక కుళ్ళిపోద్ది, పారేద్దామా?"

కలం పక్కన పెట్టి లేచాను.

"ఆరేత్తాన్లే" అన్నాను.